నొప్పి మాట వినండి!

‘ఎక్కడ నొప్పి?’ అంటే వేలు పెట్టి చూపించొచ్చు. ‘ఎప్పట్నుంచి?’ అంటే లెక్క చెప్పొచ్చు. ‘ఎంత నొప్పి?’ అంటేనే వస్తుంది చిక్కు. జ్వరానికి థర్మామీటరుంది. బీపీకి మిషనుంది. చక్కెరకు రక్తపరీక్ష ఉంది. నొప్పిని కొలిచే పరికరం మాత్రం ఇప్పటికీ లేదు. అనుభవిస్తున్న మనిషి చెప్పాలి, ఎదుటివాళ్లు నమ్మాలి... అంతే! ఆ నమ్మకం దగ్గరే వైద్యం మొదలవుతుందంటోంది నేటి ఫిజియోథెరపీ.

నడుం నొప్పనో మోకాలి నొప్పనో ఫిజియోథెరపీ క్లినిక్‌ మెట్లెక్కేవారికి బాగా తెలిసిన తతంగం ఒకటుంది. పది నిమిషాలు కరెంటు పెడతారు. ఇంకో పది నిమిషాలు కాపడం. ఆపైన నాలుగు వ్యాయామాలు చెప్పి, రేపు రమ్మంటారు. పదిరోజులు తిరిగితే కొందరికి తగ్గుతుంది. కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొస్తుంది. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి ఈ నొప్పేంటి?’ అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. ఇంట్లోవాళ్లకేమో మరో అనుమానం... ‘నిజంగా అంత నొప్పా? లేక పని తప్పించుకోవడానికా?’ అని. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలంటే ముందు అసలు నొప్పంటే ఏమిటో తెలియాలి.

తాడు లాగితే గంట మోగుతుందా?

17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్‌ నొప్పిని గుడిగంటతో పోల్చాడు. కింద తాడు లాగితే పైన గంట మోగినట్టు, కాలికి నిప్పు తగిలితే ఆ కబురు నరాల్లోంచి నేరుగా మెదడుకు వెళ్లి నొప్పి పుడుతుందన్నాడు. అంటే... దెబ్బ ఎంత పెద్దదైతే నొప్పి అంత ఎక్కువ. వినడానికి సబబుగానే ఉంది. మూడొందల ఏళ్లు వైద్యం దాదాపు ఆ దారిలోనే నడిచింది.

ఆ లెక్క ఎక్కడో తప్పిందన్న సంగతి రెండో ప్రపంచయుద్ధంలో బయటపడింది. ఇటలీ రణరంగంలో పనిచేసిన అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్‌ తీవ్రంగా గాయపడిన సైనికులను ‘నొప్పికి మందేమైనా కావాలా?’ అని అడిగి చూశాడు. నలుగురిలో ముగ్గురు అక్కర్లేదన్నారు! ఒళ్లంతా గాయాలు, అయినా మందొద్దు. 1946లో ఈ విషయాన్ని ప్రచురించిన బీచర్‌ దానికి చెప్పిన కారణం ఆసక్తికరమైనది. సైనికుడికి ఆ గాయం ‘ఇక యుద్ధం తప్పింది, ప్రాణాలతో ఇంటికెళ్తాను’ అన్న శుభవార్త. ఊళ్లో మామూలు మనిషికి అలాంటి గాయమే అయితే అది ఉపద్రవం. గాయం ఒకటే, దానికున్న అర్థం వేరు. నొప్పీ వేరే!

దీనికి సరిగ్గా తలకిందులైన సంఘటన 1995లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో అచ్చయింది. భవన నిర్మాణంలో పనిచేసే 29 ఏళ్ల యువకుడు పైనుంచి దూకితే, కింద ఉన్న 15 సెంటీమీటర్ల మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. అతడు బాధతో విలవిల్లాడిపోయాడు. మేకు కాస్త కదిలినా కేకలే. ఆసుపత్రిలో మత్తు మందిచ్చి, బూటు విప్పి చూస్తే... మేకు రెండు వేళ్ల మధ్యలోంచి వెళ్లింది. కాలికి చిన్న గీత కూడా పడలేదు!

అతడు నటించాడా? లేదు. అతడి నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం. కంటికి కనిపించిన దృశ్యాన్నిబట్టి ప్రమాదం పెద్దదని మెదడు తీర్పిచ్చింది. ఆ తీర్పే నొప్పిగా తెలిసింది.

వెన్నులో ఓ తలుపు

ఈ చిక్కుముడిని విప్పే దారి 1965లో దొరికింది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్‌ మెల్జాక్‌, బ్రిటన్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త పాట్రిక్‌ వాల్‌ కలిసి ‘గేట్‌ కంట్రోల్‌’ సిద్ధాంతాన్ని ప్రకటించారు. శరీరం నుంచి బయల్దేరిన ప్రమాద సంకేతాలు నేరుగా మెదడుకు చేరవు. వెన్నుపాములో ఓ తలుపు లాంటి ఏర్పాటుంది. అది ఎంత తెరుచుకుంటే అంత సంకేతం పైకి వెళ్తుంది. మోచేతికి దెబ్బ తగలగానే మనకు తెలియకుండానే అక్కడ గబగబా రుద్దుకుంటాం కదా... ఆ స్పర్శ తాలూకు సంకేతాలు ఆ తలుపును కాస్త మూస్తాయి. క్లినిక్కుల్లో ‘కరెంటు పెట్టడం’ అనే చికిత్సకు పునాది ఈ సూత్రమే.

తలుపు గొళ్లెం కిందే కాదు, పైన మెదడు చేతిలోనూ ఉంటుంది. భయం, దిగులు, నిద్రలేమి దాన్ని బార్లా తెరుస్తాయి. ధైర్యం, ఇష్టమైన వ్యాపకం, పక్కన మనవాళ్లున్నారన్న భరోసా మూస్తాయి. పెళ్లిపనుల హడావుడిలో మర్చిపోయిన మోకాలి నొప్పి, చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక్కసారిగా గుర్తుకు రావడానికి కారణమిదే. సిద్ధాంతంలోని వివరాలు ఆ తర్వాత చాలానే మారాయి. మూలసూత్రం మాత్రం నిలిచింది.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. దాని సారాంశం... నొప్పి అంటే శరీరానికి సంబంధించిందే కాదు, మనసుకు కూడా సంబంధించిన ఓ అసౌకర్యమైన అనుభవం. శరీరం దెబ్బతిన్నప్పుడు కలగొచ్చు, దెబ్బతినే ప్రమాదం ఉన్నప్పుడూ కలగొచ్చు, అలాంటిదేదో జరిగినట్టు అనిపించినా కలగొచ్చు. దాంతోపాటే ఆ సంఘం మరో మాట కూడా చెప్పింది: ఎవరైనా తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలి.

అంటే ‘నొప్పంతా నీ మనసులోనే ఉంది’ అని కొట్టిపారేయడం శాస్త్రం కాదు. నొప్పిని తయారుచేసేది మెదడేనన్నది ఎంత నిజమో, తయారైన నొప్పి నిజమైనదన్నదీ అంతే నిజం.

నొప్పే లేకపోతే...

ఈ బాధే లేకపోతే ఎంత హాయి అనిపిస్తుంది ఎవరికైనా. నిజంగానే నొప్పి తెలియనివారు కొందరున్నారు. వాళ్ల జీవితం హాయిగా ఏమీ ఉండదు. ఉత్తర పాకిస్థాన్‌లో ఓ కుర్రాడు చేతుల్లోకి కత్తులు గుచ్చుకుంటూ, నిప్పుల మీద నడుస్తూ వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. పుట్టుకతోనే అతడికి నొప్పి తెలియదు. 14వ ఏడు నిండకుండానే ఇంటి పైకప్పు మీంచి దూకి చనిపోయాడు. అతడి గురించి విని శాస్త్రవేత్తలు మొదలుపెట్టిన పరిశోధనలో, అలాంటి కుటుంబాల్లో ఒక జన్యువులో లోపముందని 2006లో తేలింది.

మన పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్‌ పాల్‌ బ్రాండ్‌ తెలుసుకున్నదీ ఇలాంటి సత్యమే. కుష్ఠు రోగులకు వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడమే అసలు సమస్య అని బ్రాండ్‌ గ్రహించాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, చెప్పులో మేకు గుచ్చుకున్నా తెలియదు. గాయం మీద గాయమై వేళ్లు పోతాయి. మధుమేహం ముదిరి పాదాలు మొద్దుబారినవారికి పొంచి ఉన్న ముప్పు కూడా ఇదే. నొప్పి శత్రువు కాదు, ఇంటి కాపలాదారు. కాకపోతే ఒక్కోసారి ఆ కాపలాదారు గాలికి ఆకు కదిలినా ‘దొంగ... దొంగ’ అని అరవడం మొదలుపెడతాడు. అసలు చిక్కు అక్కడుంది.

అలారం ఆగకపోతే

దెబ్బ తగిలిన కండరమో లిగమెంటో చాలావరకు కొన్ని వారాల్లో, మహా అయితే మూణ్నెల్లలో మానుతుంది. ఆ గడువు దాటాక కూడా నొప్పి ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇందులో కొన్నింటికి కీళ్లవాతం లాంటి కారణాలు కొనసాగుతూనే ఉంటాయి. మరికొన్నింటిలో గాయం ఎప్పుడో మానిపోతుంది, నాడీవ్యవస్థ మాత్రం అతిజాగ్రత్తకు అలవాటుపడుతుంది. ఒకప్పుడు బిందె ఎత్తితే వచ్చిన నొప్పి ఇప్పుడు చెంబు ఎత్తినా వస్తుంది. తర్వాత వంగితే వస్తుంది. ఆ తర్వాత వంగాలనుకున్నా వస్తుంది!

దీనికి భయం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. కదిలితే నొప్పి అని కదలరు. కదలకపోతే కండరాలు బలహీనపడతాయి. బలం తగ్గాక చిన్న పనికే మళ్లీ నొప్పి. ‘చూశావా, కదిలితే ఇలాగే ఉంటుంది’ అని ఇంకాస్త భయం. గానుగెద్దులా అక్కడే తిరుగుతుంటుంది జీవితం.

నడుం పట్టేస్తే వారాల తరబడి మంచమ్మీద ఉండమనే సలహా ఒకప్పుడు మామూలే. 1986లో అమెరికాలో రెండొందల మంది రోగుల మీద జరిగిన అధ్యయనం ఆ సలహాను ప్రశ్నించింది. ఏడు రోజులు విశ్రాంతి తీసుకొమ్మన్నవారికన్నా, రెండు రోజులు చాలన్నవారు పనికి నాగా పెట్టిన రోజులు 45 శాతం తక్కువ. కోలుకోవడంలో మాత్రం ఎవరూ వెనకబడలేదు. ఎముక విరగడం లాంటి ప్రత్యేక కారణాలు లేనప్పుడు, ఓపినంతమేరకు రోజువారీ పనులు చేసుకోమనే ఇప్పుడు చెబుతున్నారు.

‘గుజ్జు అరిగిపోయింది’

యాభై దాటిన ఏ నలుగురు కలిసినా ఈ మాట వినిపిస్తుంది. ‘డిస్కు జారింది’, ‘ఎముకలు రాసుకుంటున్నాయి’, ‘నరం నలిగిపోతోంది’... ఇవన్నీ దీనికి తోబుట్టువులే. స్కానింగ్‌ రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచీ కొందరు నడక మానేస్తారు, కింద కూర్చోవడం మానేస్తారు, మనవణ్ని ఎత్తుకోవడం మానేస్తారు. రిపోర్టు చదవకముందు చేసిన పనులే అవన్నీ!

ఏ నొప్పీ లేని 98 మందికి ఎమ్మారై తీసి 1994లో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో ఫలితాలు ప్రచురించారు. సగంమందికి పైగా కనీసం ఒకచోటైనా డిస్కు ఉబ్బి ఉంది. 2015లో మరో బృందం మూడువేల మందికి పైగా నొప్పిలేనివారి స్కానింగులను క్రోడీకరించింది. ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఛాయలున్నాయి. ఎనభై ఏళ్లకు అది 96 శాతం. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు మరి. తల నెరిసినట్టే, ముఖాన ముడతలు పడినట్టే... వెన్నులోనూ వయసు కనిపిస్తుంది. పైపెచ్చు, ఉబ్బి బయటికొచ్చిన డిస్కు చాలామందిలో కాలక్రమేణా దానంతటదే కుంచించుకుపోతుంది.

మోకాలి సంగతీ అంతే. ‘గుజ్జు’ అని పిలిచే మృదులాస్థిలో అసలు నరాలే ఉండవు. నొప్పి దాని చుట్టూ ఉన్న ఎముక, కీలు పొర వంటి భాగాల నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టున్నా హాయిగా నడిచేవారున్నారు, కొద్దిపాటి అరుగుదలకే కదల్లేనివారూ ఉన్నారు. తొడ కండరాలు బలపడితే, బరువు ఎక్కువున్నవారు తగ్గించుకుంటే చాలామందికి నొప్పి తగ్గుతుంది. అరుగుదల అనగానే కదలిక ఆపెయ్యాలనుకోవడం పొరపాటు. కీలు కారు టైరు కాదు, వాడినకొద్దీ అరగడానికి. పరిమితుల్లో వాడితేనే దానికి ఆరోగ్యం.

అలాగని స్కానింగులు దండగని కాదు. రోగి చెప్పిందీ, పరీక్షలో తేలిందీ, రిపోర్టులో ఉన్నదీ మూడూ కలిస్తేనే దానికి విలువ.

మన నొప్పులకెన్ని పేర్లో!

1975లో మెల్జాక్‌ నొప్పిని వర్ణించే 78 మాటలను ఏరి, 20 గుంపులుగా పేర్చి ఓ ప్రశ్నావళి తయారుచేశాడు. రోగి ఏ మాట ఎంచుకుంటాడన్నది నొప్పి స్వభావాన్ని పట్టిస్తుందని ఆయన నమ్మకం.

మాటలకు మన దగ్గర కరవా? తలపోటు, పంటి సలుపు, ఒళ్లు తీపులు, కడుపులో మంట. కాళ్లు పీకుతాయి, పిక్కలు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, నడుం కలుక్కుమంటుంది, కీలు చురుక్కుమంటుంది, చెయ్యి జివ్వుమంటుంది. ఒక్కో మాటా ఒక్కో ఆనవాలు. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు షాకులా జివ్వున పాకుతోందన్నా, సూదులు గుచ్చినట్టుందన్నా, మంటగా తిమ్మిరిగా ఉందన్నా నరానికి సంబంధించిన నొప్పేమోనని ఆలోచించాలి. పొద్దున లేవగానే చాలాసేపు కీళ్లు బిగుసుకుపోతే వాపు వల్ల వచ్చే కీళ్లవాతమేమో చూడాలి. బరువెత్తినప్పుడే పట్టేసి, విశ్రాంతి తీసుకుంటే తగ్గేదైతే కండరాలూ కీళ్ల వైపు చూడాలి. ఈ మాటలతోనే రోగం తేలిపోదు. వెతకాల్సిన దారి మాత్రం తెలుస్తుంది.

అందుకే నొప్పిని ‘సున్నా నుంచి పది వరకు ఎంత?’ అని ఒక్క అంకెతో సరిపెట్టుకోడు మంచి థెరపిస్టు. ‘ఈ నొప్పి వల్ల మీరు చేయలేకపోతున్న పనేంటి?’ అంటాడు. ఒకావిడకు అది వాకిట్లో ముగ్గు. రైతుకు నాట్లేసే వేళ వంగడం. ఆటో డ్రైవరుకు నాలుగు గంటలు ఏకధాటిగా కూర్చోవడం. ఓ పెద్దాయనకు అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లడం. ‘ఈ నొప్పి ఎందుకొచ్చిందని మీరనుకుంటున్నారు?’ అన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. నాన్నకు ఇలాగే నడుం నొప్పితో మొదలై మంచాన పడ్డాడన్న భయం లోపలుంటే, ఎన్ని కాపడాలు పెట్టినా ఆ భయం కరగదు. అడిగితేనే బయటికొస్తుంది.

బెల్టు కాదు... బలం కావాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నడుం నొప్పితో బాధపడినవారు 61.9 కోట్ల మంది. అంటే 13 మందిలో ఒకరు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. అందుకే దీర్ఘకాలిక నడుం నొప్పికి ఏ చికిత్సలు మేలో చెబుతూ ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, చేతులతో చేసే కొన్ని చికిత్సలు, మానసిక చికిత్సలు వంటివాటిని అది సిఫారసు చేసింది. నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌, నల్లమందు జాతి నొప్పి మందులను మామూలుగా వాడొద్దంది. కాపడం వంటివి కాసేపు ఉపశమనమిస్తే ఇవ్వొచ్చు. వాటితోనే సరిపెట్టి రోగిని పంపించేస్తే మాత్రం అసలు పని మిగిలిపోయినట్టే.

ఆ అసలు పని... మెదడుకు ‘ఈ కదలిక ప్రమాదం కాదు’ అని మెల్లగా నేర్పడం. అరగంట నడవలేనివారు పది నిమిషాలతో మొదలుపెడతారు. నొప్పి ఎక్కువున్న రోజు పూర్తిగా మానెయ్యరు, తక్కువున్న రోజు ఎగబడి ఎక్కువా చెయ్యరు. నొప్పి లేదుకదాని ఆదివారం ఇల్లంతా దులిపి, మూడ్రోజులు మంచం పట్టేవాళ్లను చూస్తూనే ఉంటాం. వ్యాయామంలో కాస్త నొప్పి తెలిసినా, మర్నాటి పొద్దుటికల్లా మామూలు స్థితికొస్తే కంగారు అక్కర్లేదన్నది చాలామంది థెరపిస్టులు వాడే కొలత. తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. వ్యాయామం ఆపెయ్యనక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో 492 మంది మీద జరిపిన ఓ పరిశోధన ఫలితాలు 2023లో లాన్సెట్‌ పత్రికలో వచ్చాయి. రోగి భయాలూ నమ్మకాలూ తెలుసుకుని, భయపడుతున్న కదలికలనే దగ్గరుండి చేయించి, జీవనశైలిని సరిదిద్దే పద్ధతిలో ఫిజియోథెరపిస్టులు చికిత్స చేశారు. మామూలు వైద్యం అందుకున్నవారికన్నా వీళ్లు రోజువారీ పనులు ఎంతో మెరుగ్గా చేసుకోగలిగారు. ఆ మేలు ఏడాది తర్వాతా నిలిచింది.

మెదడుకు నేర్పొచ్చనడానికి ఇంకో చక్కటి ఉదాహరణ అద్దం. చెయ్యో కాలో తీసేశాక కూడా లేని ఆ అవయవంలో నొప్పి వేధిస్తుంది కొందరిని. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్‌.రామచంద్రన్‌ 1990ల్లో దీనికి ఓ అద్దాల పెట్టెను ఉపయోగించాడు. ఉన్న చేతిని అద్దం ముందు కదిలిస్తే, పోయిన చెయ్యి కదులుతున్నట్టు కనిపిస్తుంది. దాంతో కొందరికి ఆ నొప్పి తగ్గింది. పక్షవాతం వచ్చినవారికి కూడా ఈ పద్ధతిని ఫిజియోథెరపిస్టులు వాడుతున్నారు.

ఇంట్లోవాళ్ల వంతు

నొప్పి ఒక్కరిదే అయినా దాని బరువు ఇంటిల్లిపాదీ మోస్తారు. ‘ఎప్పుడూ ఉండేదేగా’ అని తీసిపారేస్తే ఆ మనిషి నొప్పిని నిరూపించుకోవడానికే సగం శక్తి ఖర్చు పెట్టాల్సి వస్తుంది. మన ఇళ్లల్లో కోడళ్లకూ, అమ్మలకూ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ‘నువ్వు కదలకమ్మా, అన్నీ నేను చేస్తాగా’ అనడం రెండో కొస. అది ప్రేమే, కానీ ఆ ప్రేమలో అమ్మ మోకాళ్లు ఇంకా బలహీనపడతాయి. ‘నొప్పిగా ఉందని తెలుసమ్మా, పద... నేనూ వస్తా, వీధి చివరిదాకా నడిచొద్దాం’ అనడం మధ్యేమార్గం. నొప్పిని నమ్మినట్టూ ఉంటుంది, కాలు కదిపినట్టూ ఉంటుంది.

నిద్రను కూడా మందుల్లో ఒకటిగానే లెక్కెయ్యాలి. సరిగా నిద్రపోని రాత్రి మర్నాటి నొప్పిని పెంచుతుంది. పగలు కాస్త నడక, రాత్రి వేళకు పడక... ఖర్చులేని వైద్యం.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

* నడుం నొప్పితోపాటు మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గంటలు కూడా విలువైనవే.

* కాలో చెయ్యో రోజురోజుకీ బలం తగ్గుతున్నా, పాదం పైకి లేవకపోయినా.

* సాయంత్రాలు జ్వరం, ఆకలి మందగించడం, కారణం లేకుండా బరువు తగ్గడం. వెన్నెముకకు క్షయ సోకినా ఇలాగే ఉంటుంది.

* గతంలో క్యాన్సర్‌ వచ్చినవారికి కొత్తగా ఎముకల్లో నొప్పి మొదలైనా, పడుకున్నా కూర్చున్నా తగ్గని నొప్పి రాత్రిళ్లు లేపుతున్నా.

* పెద్దవయసులో జారిపడ్డాక వచ్చిన నొప్పి... చిన్నదెబ్బే అనిపించినా సరే.

* ఛాతీలో బరువుతోపాటు ఎడమ భుజం, దవడ లాగుతుంటే అది ఫిజియోథెరపీ నొప్పి కాదు. గుండె వైద్యం అందే చోటికి పరుగెత్తాలి.

* ఆపరేషన్‌ అయ్యాకో, ఎక్కువరోజులు మంచంలో ఉన్నాకో ఒక కాలి పిక్క వాచి నొప్పెడుతుంటే మర్దన చేయించొద్దు. రక్తనాళంలో గడ్డకట్టిందేమో డాక్టరు చూడాలి.

థెరపిస్టును అడగాల్సినవి

‘నా నొప్పి ఎందుకొస్తోంది? ఎన్నాళ్లలో ఎంత మార్పు ఆశించొచ్చు? ఇంట్లో నేను చేయాల్సిందేమిటి? వ్యాయామంలో నొప్పొస్తే ఎంతవరకు ఫర్వాలేదు?’ ఈ నాలుగూ అడగొచ్చు, అడగాలి. ఫిజియోథెరపీలో డిగ్రీ చదివినవారేనా అన్నదీ చూసుకోవాలి. విసుక్కోకుండా జవాబు చెప్పేవారి దగ్గర సగం భయం అక్కడే తీరిపోతుంది.

నొప్పిని పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా అంటే కాస్త ఆలోచించాల్సిందే. కొన్ని నొప్పులు పోతాయి. కొన్ని తగ్గుతాయి. కొన్ని ఉంటాయి, కానీ జీవితం వాటి చుట్టూ తిరగడం మానేస్తుంది. ముగ్గు పెట్టిన రోజున, మనవణ్ని ఎత్తుకున్న రోజున, నొప్పి అంకె ఎనిమిదా ఐదా అని ఎవరూ అడగరు!